ఊళ్లో పులి... హైవేపై పిల్లి!

కరీంనగర్‌లో ఓ హైబ్రిడ్ కారు ఎక్కారనుకోండి. తెలంగాణ చౌక్ దగ్గర ఎర్ర లైటు పడగానే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. పచ్చ లైటు పడితే చప్పుడు లేకుండా బ్యాటరీ మీద కదులుతుంది. తెరపై మైలేజీ అంకె చూసి మీరు మురిసిపోతారు. అక్కణ్నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. రోడ్డు ఖాళీ, నాలుగు వరుసలు. కాలు కాస్త గట్టిగా పడుతుంది, స్పీడు 100 దాటుతుంది. గోదావరి వంతెన దాటి నిర్మల్ చేరేలోపు ఆ మైలేజీ అంకె మెట్లు దిగినట్టు దిగిపోతూ ఉంటుంది.

ఊళ్లో ట్రాఫిక్‌లో అంత బాగా ఇచ్చిన కారు, ఆగే పనే లేని హైవే మీద తక్కువ ఇవ్వడమేంటి? మామూలు పెట్రోలు కారుకైతే లెక్క తిరగబడి ఉంటుంది కదా? మోసపోయామా అని చాలామందికి డౌటొస్తుంది. మోసం ఏమీ లేదు. ఈ చిక్కుముడి 125 ఏళ్ల కిందటే ఒక కుర్రాడి చేతికి దొరికింది. హైబ్రిడ్ కారును రోడ్డెక్కించిన తొలితరం మనిషి అతను. పేరు ఫెర్డినాండ్ పోర్షె. అవును, ఆ కోట్ల రూపాయల స్పోర్ట్స్ కార్ల మీద ఉండే పోర్షె అతని ఇంటి పేరే. అతని కథ తెలిస్తే మీ కారు హైవే మీద ఎందుకు అలా చేస్తుందో అర్థమవుతుంది. దాంతోపాటు, చేతిలో పని ఉన్న ప్రతి ఇంజనీరూ ఒకసారి ఆగి ఆలోచించాల్సిన సంగతి కూడా ఒకటి ఆ కథలో ఉంది.

రేకు పనివాడి కొడుకు

1875 సెప్టెంబర్ 3న పుట్టాడు. ఊరు మాఫర్స్‌డార్ఫ్. అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. తండ్రి ఆంటన్ రేకు పని చేసేవాడు. కొడుకు కూడా సుత్తె పట్టుకుని తన పక్కనే కూర్చోవాలని ఆయన కోరిక. కుర్రాడి మనసేమో కరెంటు మీద. ఊళ్లోని తివాచీల ఫ్యాక్టరీలో కరెంటు దీపాలు వెలుగుతుంటే కళ్లార్పకుండా చూసేవాడు. పగలు తండ్రి దగ్గర పని, రాత్రి పక్క పట్నం రైషెన్‌బర్గ్‌లో టెక్నికల్ స్కూల్ క్లాసులు. అలా నేర్చుకున్నదాంతో సొంతింటికి తనే కరెంటు దీపాలు అమర్చాడు.

1893లో, 18 ఏళ్ల వయసులో వియన్నా చేరి బేలా ఎగ్గర్ అనే విద్యుత్ పరికరాల కంపెనీలో పనిలో కుదిరాడు. సాయంత్రాలు టెక్నికల్ యూనివర్సిటీకి వెళ్లి, అడ్మిషన్ లేకపోయినా క్లాసుల్లో వెనకాల కూర్చుని పాఠాలు వినేవాడు. ఇంజనీరింగ్ డిగ్రీ అతను ఎప్పుడూ తీసుకోలేదు. నాలుగైదేళ్లకే కంపెనీలో టెస్టింగ్ విభాగం అతని చేతికొచ్చింది. నాచుపల్లి జేఎన్‌టీయూలో బీటెక్ చదువుతున్నా, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేస్తున్నా, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

బరువుతో మొదలైన తంటా

వియన్నాలో లోనర్ అని రాజకుటుంబానికి గుర్రపు బగ్గీలు చేసిపెట్టే కంపెనీ ఉండేది. గుర్రాల రోజులు అయిపోతున్నాయని దాని యజమాని లుడ్విగ్ లోనర్ ముందే పసిగట్టాడు. పెట్రోలు ఇంజన్ల పొగా, రొదా అతనికి నచ్చలేదు. కరెంటు కార్లు చేద్దామనుకున్నాడు. పోర్షె అక్కడ చేరాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో లోనర్-పోర్షె కారును పెడితే జనం విరగబడి చూశారు. ఎందుకంటే దాని మోటార్లు బానెట్ కింద లేవు, నేరుగా ముందు చక్రాల ఇరుసుల్లోనే ఉన్నాయి. గేర్లు, చైన్లు, బెల్టులు ఏవీ అక్కర్లేదు. ఇప్పటి ఎలక్ట్రిక్ స్కూటర్లలో చాలావాటికి వెనక చక్రంలోనే మోటారు ఉంటుంది చూశారా, అదే పద్ధతి.

అయితే ఒక తంటా వచ్చిపడింది. అప్పుడు దొరికేవి సీసం బ్యాటరీలే. శక్తి తక్కువ, బరువు ఎక్కువ. ఒక ఇంగ్లిష్ కస్టమర్ కోసం నాలుగు చక్రాలకూ మోటార్లు పెట్టి కారు చేస్తే, ఒక్క బ్యాటరీ బరువే సుమారు 1,800 కిలోలైంది. బ్యాటరీ కారును మోయాలి. ఇక్కడ కారే బ్యాటరీని మోస్తోంది!

అప్పుడు పోర్షెకు తట్టిన ఉపాయమే హైబ్రిడ్. బ్యాటరీ చిన్నది చేద్దాం, కారులోనే కరెంటు తయారు చేసుకుందాం అనుకున్నాడు. ఒక్కోటి రెండున్నర హార్స్‌పవర్ ఉన్న రెండు చిన్న పెట్రోలు ఇంజన్లు పెట్టి, ఒక్కోదానికి ఒక జనరేటర్ తగిలించాడు. జనరేటర్ ఇచ్చే కరెంటు చక్రాల్లోని మోటార్లకు వెళ్తుంది. మిగిలింది బ్యాటరీలో చేరుతుంది. ఇంజన్‌కూ చక్రానికీ మధ్య ఇనుప లంకె ఏదీ లేదు, ఉన్నదల్లా వైరే. ఆ కారుకు సెంపర్ వివస్ అని లాటిన్ పేరు పెట్టారు. ఎప్పుడూ ప్రాణంతో ఉండేది అని అర్థం. బరువు 1,200 కిలోలు, గరిష్ఠ వేగం గంటకు 35 కి.మీ., ఒక్క దఫాలో 200 కి.మీ. దాకా వెళ్లగలదు. దాని తర్వాత 1901లో మిక్స్‌టె పేరుతో అమ్మకానికి హైబ్రిడ్లు చేశారు. 1902లో ఎక్సెల్‌బర్గ్ కొండ రేసులో అలాంటి కారును పోర్షె తనే నడిపి గెలిచాడు.

అసలు కిటుకు ఎక్కడుంది?

పెట్రోలు ఇంజన్ ఒక మొండిఘటం. ఒక హద్దులో, ఒక స్థాయి లోడు మీద తిరిగితేనే తిన్న పెట్రోలుకు న్యాయం చేస్తుంది. ఆగుతూ, కదులుతూ, ఈడుస్తూ నడిపితే వృథా ఎక్కువ. మోటారు అలా కాదు. సున్నా స్పీడు నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది. అందుకని ఇంజన్‌ను దానికి హాయిగా ఉండే చోట తిరగనిచ్చి, ఎత్తుపల్లాల గోలంతా మోటారుకు అప్పజెప్పడం పోర్షె ఆలోచన.

ఇది మనకు కొత్తేం కాదు. కాజీపేట–బల్లార్షా లైన్‌లో రామగుండం, మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా ఒకప్పుడు గూడ్స్ బండ్లు లాగిన డీజిల్ ఇంజన్లు ఇలాంటివే. లోపల డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పేది, ఆ కరెంటుతో చక్రాల దగ్గరి మోటార్లు నడిచేవి. వేల టన్నుల బరువును నిలబడ్డ చోటు నుంచి కదిలించాలంటే ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

కానీ దీనికి ఒక కిరాయి కట్టాలి. ఇంజన్ శక్తిని కరెంటుగా మార్చేటప్పుడు కొంత పోతుంది, కరెంటును మళ్లీ చక్రం తిరుగుడుగా మార్చేటప్పుడు ఇంకొంత పోతుంది. ఒక్కో మార్పిడిలో నూటికి 10 పోతుందనుకుందాం. రెండు మార్పిళ్లు అయ్యేసరికి చేతికొచ్చేది 81. ఊళ్లో ఈ నష్టం లెక్కలోకి రాదు, ఎందుకంటే ఇంజన్ ఆపడం వల్లా, బ్రేకు వేసినప్పుడు పోవాల్సిన శక్తిని మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీలోకి తిరిగి పట్టడం వల్లా మిగిలేది అంతకన్నా ఎక్కువ. హైవే మీద ఒకే వేగంతో గంటసేపు పోతుంటే బ్రేకే లేదు, తిరిగి పట్టడానికి ఏముంది? ఇంజన్ ఎలాగూ దానికి నచ్చిన చోటే తిరుగుతోంది. అంటే హైబ్రిడ్ చేయగలిగిన మేలు తగ్గిపోయింది, కిరాయి మాత్రం మిగిలింది.

అందుకే ఇప్పటి కంపెనీలు పోర్షె పద్ధతిని ఉన్నదున్నట్టు వాడటం లేదు. 1997లో జపాన్‌లో వచ్చిన టొయోటా ప్రియస్, ఇంజన్ శక్తిలో కొంత నేరుగా చక్రాలకు, కొంత కరెంటు దారిలో పంపేలా గేర్లు అమర్చుకుంది. మన దగ్గర దొరికే హోండా సిటీ హైబ్రిడ్ ఊళ్లో మోటారు మీద నడుస్తుంది. హైవే వేగం అందుకున్నాక మాత్రం ఒక క్లచ్‌తో ఇంజన్‌ను నేరుగా చక్రాలకు కలిపేస్తుంది.

గాలి అనే శత్రువు

సెంపర్ వివస్ వేగం 35 కి.మీ. ఆ వేగంలో శత్రువు బరువే, గాలి పెద్ద లెక్కలోనిది కాదు. వేగం పెరిగితే సీన్ మారిపోతుంది. గాలి ఇచ్చే అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 35 నుంచి 100కి వెళ్తే ఎనిమిది రెట్లు దాటుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగేది పావు వంతే, గాలిని చీల్చడానికి ప్రతి కిలోమీటరుకూ పెట్టే శక్తి మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. 120కి వెళ్తే రెండుంపావు రెట్లు. గాలికి ఇచ్చింది మళ్లీ చేతికి రాదు. బ్రేకులో పోయేదాన్ని వెనక్కి పట్టొచ్చు, గాలిలో పోయేదాన్ని ఏ బ్యాటరీ పట్టలేదు.

ఈ విషయం పోర్షెకు తెలుసనడానికి అతని తర్వాతి పనులే సాక్ష్యం. 1906లో లోనర్‌ను వదిలి ఆస్ట్రో-డైమ్లర్‌లో టెక్నికల్ డైరెక్టర్ అయ్యాడు. 1910లో ప్రిన్స్ హెన్రిచ్ పోటీకి చేసిన కారులో మోటార్లూ లేవు, జనరేటర్లూ లేవు. ఒట్టి పెట్రోలు ఇంజనే. బాడీని మాత్రం గాలి తక్కువ తగిలేలా తులిప్ పువ్వు ఆకారంలో మలిచాడు. గంటకు సుమారు 140 కి.మీ. దూసుకెళ్లే ఆ కారులో తనే కూర్చుని గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ ఆ కంపెనీ కార్లవే.

అలాగని కరెంటును వదిలేశాడా? లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 38, 42 సెంటీమీటర్ల భారీ ఫిరంగులను లాగడానికి పెట్రోలు-ఎలక్ట్రిక్ బండ్లు చేశాడు. ముందు బండిలో ఇంజన్, జనరేటర్. కేబుల్ ద్వారా వెనక ట్రైలర్ల చక్రాల్లోని మోటార్లకు కరెంటు. అక్కడ కావాల్సింది వేగం కాదు, లాగుడు. కాబట్టి ఆ పద్ధతి అతికినట్టు సరిపోయింది. ఒకప్పుడు దొంగచాటుగా పాఠాలు విన్న వియన్నా టెక్నికల్ యూనివర్సిటీయే 1917లో అతనికి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1923లో స్టుట్‌గార్ట్‌లోని డైమ్లర్‌కు వెళ్లి మెర్సిడెస్ రేసు కార్లు చేశాడు. 1931లో సొంత డిజైన్ ఆఫీసు తెరిచాడు. 1934లో జర్మనీలో సామాన్యుడి కారు తయారుచేసే కాంట్రాక్టు అతనికి దక్కింది. అదే తర్వాత మనం బీటిల్ అని పిలిచిన ఫోక్స్‌వ్యాగన్. దాని షరతులు చూడండి: కొత్తగా వేస్తున్న ఆటోబాన్ రహదారుల మీద గంటకు 100 కి.మీ. వేగంతో ఆగకుండా పోవాలి, 100 కి.మీ.కు 7 లీటర్లు మించి తాగకూడదు. అంటే లీటరుకు 14 కి.మీ. పైమాట. హైబ్రిడ్‌తో పేరు తెచ్చుకున్న మనిషి ఇక్కడ ఏం చేశాడు? బ్యాటరీ జోలికి పోలేదు. బాడీని గుండ్రంగా చేసి గాలిని పక్కకు జరిపాడు. పాతిక హార్స్‌పవర్ కూడా దాటని చిన్న ఇంజన్ పెట్టి, రోజంతా పూర్తి వేగంతో పోయినా అలసిపోకుండా గేర్లు అమర్చాడు. ఊరికి ఒక మందు, హైవేకి ఇంకో మందు. ఈ డిజైన్‌లో ఆస్ట్రియా ఇంజనీరు హాన్స్ లెడ్వింకా చేసిన టాట్రా కార్ల పోలికలు చాలానే ఉన్నాయి. ఆ వివాదంలో ఫోక్స్‌వ్యాగన్ చివరికి 1960ల్లో టాట్రాకు పరిహారం కట్టింది.

చెప్పకుండా దాటేయకూడని పేజీ

ఇక్కడిదాకా చదివి చప్పట్లు కొట్టాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. ఆ సామాన్యుడి కారు ప్రాజెక్టు హిట్లర్‌ది. పోర్షె నాజీ పార్టీలో, ఎస్‌ఎస్‌లో సభ్యుడయ్యాడు. 1931లో కంపెనీ పెట్టినప్పుడు డబ్బు పెట్టి, వ్యాపారం చూసుకున్న భాగస్వామి ఆడాల్ఫ్ రోజెన్‌బర్గర్ యూదుడు. 1935లో అతని వాటాను అసలు విలువ కట్టకుండా ముఖ విలువకే రాయించుకున్నారు. అదే ఏడాది అతన్ని నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటపడ్డాక దేశమే వదిలి వెళ్లిపోయాడు.

కారు కోసం మూడు లక్షల మందికి పైగా జర్మన్లు వారం వారం 5 మార్కుల స్టాంపులు అతికిస్తూ డబ్బు కట్టారు. యుద్ధం వచ్చింది. ఆ పొదుపుకు ఒక్కరి చేతికీ కారు రాలేదు. ఫ్యాక్టరీ సైనిక వాహనాలు, ఆయుధాలు చేసింది. అందులో బలవంతంగా పనిచేయించిన విదేశీయులు, యుద్ధ ఖైదీలు, శిబిరాల ఖైదీలు కలిపి దాదాపు 20 వేల మంది. ఫ్యాక్టరీ పెద్దల్లో పోర్షె ఒకడు. తెలియదు అనుకోవడానికి వీల్లేదు.

పాత హైబ్రిడ్ ఆలోచన కూడా ఈ రోజుల్లోనే అతన్ని దెబ్బకొట్టింది. టైగర్ ట్యాంకు పోటీకి రెండు పెట్రోలు ఇంజన్లు, జనరేటర్లు, మోటార్లతో ట్యాంకు చేశాడు. 1942 ఏప్రిల్‌లో జరిగిన ప్రదర్శనలో అది తేలిపోయింది. ఇంజన్లు వేడెక్కేవి, రాగి బోలెడంత కావాలి. ఆర్డరు హెన్షెల్ కంపెనీకి పోయింది. అప్పటికే ఆర్డరు తనదేనన్న ధీమాతో తయారైపోయిన దాదాపు 90 ట్యాంకుల అడుగు భాగాలను తిరిగి వాడి, ఫెర్డినాండ్ అని అతని పేరే పెట్టిన 65 టన్నుల బండ్లు చేశారు. 1943లో కుర్స్క్ యుద్ధంలో వాటిలో చాలా కూరుకుపోయాయి, ఆగిపోయాయి. 25 ఏళ్ల వయసులో కారుకు మందైన ఆలోచనే, 67వ ఏట మొండిపట్టుగా మారింది.

యుద్ధం ముగిశాక 1945 చివర్లో ఫ్రెంచ్ అధికారులు యుద్ధ నేరాల ఆరోపణపై అరెస్టు చేశారు. 1947 ఆగస్టు దాకా జైల్లోనే ఉన్నాడు. కొడుకు ఫెర్రీ ఒక ఇటలీ కంపెనీకి రేసు కారు డిజైన్ చేసిచ్చి, ఆ డబ్బుతో బెయిలు కట్టాడు. తర్వాత ఫ్రెంచ్ కోర్టు నిర్దోషిగా తేల్చింది. అయితే రోజెన్‌బర్గర్‌కు, ఫ్యాక్టరీలో నలిగినవాళ్లకు జరిగింది ఆ తీర్పుతో చెరిగిపోదు. పోర్షె పేరుతో తొలి స్పోర్ట్స్ కారు 356ను 1948లో బయటికి తెచ్చింది ఫెర్రీయే. ఫెర్డినాండ్ 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో చనిపోయాడు. వయసు 75.

మళ్లీ మన హైవేకి

ఇప్పుడు నిర్మల్ దగ్గర వదిలేసిన మీ కారెక్కుదాం. చార్జింగ్ పెట్టే పని లేని హైబ్రిడ్లలో బ్యాటరీ చాలా చిన్నది. ఎక్కువ వాటిలో ఒకటి, రెండు యూనిట్ల కరెంటుకు అటూ ఇటూ పడుతుంది, అంతే. హైవే వేగంలో ఒట్టి దానిమీదే నడిపితే కొన్ని కిలోమీటర్లకే ఖాళీ. అది పెట్రోలు ట్యాంకు లాంటిది కాదు, చిల్లర పెట్టుకునే పర్సు లాంటిది. లారీని దాటేటప్పుడు కాస్త ఇస్తుంది, కాలు తీస్తే కాస్త తీసుకుంటుంది. గట్టిగా తొక్కడం, మళ్లీ బ్రేకు వేయడం చేస్తూ పోతే పర్సు నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. ప్రతిసారీ రెండు మార్పిళ్ల కిరాయి పడుతుంది.

నిర్మల్ దాటాక ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ అంకె తగ్గితే కంగారు పడకండి, ఆ పని కోసమే అది ఉంది. తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు నిండుతుంది. నిండాక ఇంకా పట్టే చోటు ఉండదు. అప్పుడు బ్రేకుల మీదే భారం వేయకుండా, మీ కారులో ఇంజన్ బ్రేకింగ్ మోడ్ ఉంటే వాడండి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టుకోండి. పైన సామాన్ల క్యారియర్ అక్కర్లేకపోతే విప్పేయండి, అది రోజంతా గాలితో కుస్తీ పడుతుంది.

ఇక అసలు మందు కాలి కింద ఉంది. నాలుగు వరుసల జాతీయ రహదారిపై కారుకు చట్టం ఇచ్చే హద్దు 100. కానీ 100 కిలోమీటర్ల దూరాన్ని 100 మీద పోతే గంట, 80 మీద పోతే గంటా పావు. ఆ 15 నిమిషాల కోసం గాలికి ఎంత కడుతున్నారో పైన లెక్క చూశారు. కట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. తెలిసి కట్టండి.

రేపు మీలో కొందరు బ్యాటరీ కంపెనీల్లో, కార్ల డిజైన్ ఆఫీసుల్లో కూర్చుంటారు. ఇంటర్వ్యూలో హైబ్రిడ్ గొప్పదా కాదా అని అడిగితే, ఏ రోడ్డు మీద, ఎంత వేగంలో అని తిరిగి అడగండి. ఉద్యోగం వచ్చాక ఇంకో ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి: ఈ పని ఎవరి కోసం, ఎవరి చెమటతో? మొదటి ప్రశ్నకు పోర్షె చాలాసార్లు సరైన జవాబే కనుక్కున్నాడు. రెండోది వేసుకోవాల్సిన రోజున వేసుకోలేదు.